ఉసిరి: పులుపు నుంచి వగరు దాకా

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అచ్చువేసిన రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని ఉసిరికాయ ఉన్న వరుస దగ్గర ఆగితే ఒక చిక్కు ఎదురవుతుంది. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ కూర్చిన పోషక విలువల పట్టిక ప్రకారం వంద గ్రాముల ఉసిరిలో విటమిన్ సి 600 మిల్లీగ్రాములు. అదే సంస్థ 2017లో కొత్తగా తెచ్చిన పట్టికలో ఆ అంకె సుమారు 250. సగానికి పైగా విటమిన్ ఎటు పోయినట్టు?

రకాన్ని బట్టి, నేలను బట్టి, కోసిన నెలను బట్టి కాయ మారుతుంది, నిజమే. కానీ ఆ తేడా వెనక అంతకంటే పెద్ద కథ ఉంది. ఉసిరి గొప్పతనం దేనిలో ఉందన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు ఎనభై ఏళ్లలో జవాబు మార్చుకున్నారు. ఆ మార్పులో కొంత భాగం మన ఊళ్లోనే జరిగింది.

పాతకాలానికి ఈ ప్రశ్నే లేదు. చరకసంహిత చికిత్సాస్థానం రసాయనాలతోనే, అంటే ముసలితనాన్ని దూరం పెట్టే మందులతోనే మొదలవుతుంది; అక్కడి చ్యవనప్రాశకు ఆధారం ఉసిరి. యునానీ హకీములకు జవారిష్ ఆమ్లా ఉంది. మనకు కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం ఉంది, జాడీలో నల్లబడే పచ్చడి ఉంది. పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో మద్రాసులో పనిచేసిన వైద్యుడు వైట్‌లా ఎయిన్‌స్లీ ఈ దేశపు ఔషధ ద్రవ్యాలను తమిళ, తెలుగు, దక్కనీ పేర్లతో సహా పుస్తకాలకెక్కించాడు. అయితే అదంతా ఎవరు దేనికి వాడుతున్నారో రాసిపెట్టడం. కాయ లోపలికి తొంగిచూసే పని ఇంకా మొదలు కాలేదు.

1932లో విటమిన్ సి అంటే ఏ పదార్థమో తేలింది. ఇక ప్రపంచమంతా ప్రతి కాయలోనూ అదెంత ఉందో కొలవడం మొదలుపెట్టింది. మన దేశంలో ఆ పనికి కేంద్రం నీలగిరుల్లోని కూనూరు ప్రయోగశాల. ఉసిరి అక్కడ వెంటనే వెలుగులోకి వచ్చింది. 1939-40లో హిస్సార్ కరువులో స్కర్వీ వచ్చినవాళ్లకు ఉసిరి పెట్టి నయం చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు ఉసిరి మాత్రలు వెళ్లాయి. 1944లో ఎం. శ్రీనివాసన్ 'నేచర్' పత్రికలో ఉసిరిలో విటమిన్ సి సమృద్ధిగా ఉంటుందని, పైగా అది నిలవుంటుందని రాశారు.

ఆ నిలవుండే గుణం దగ్గరే కాసేపు ఆగాలి. విటమిన్ సి సుకుమారమైనది. వేడికీ గాలికీ ఇట్టే విరిగిపోతుంది. మరి ఉసిరి ఎండబెట్టినా అందులో చాలావరకు ఎలా మిగులుతోంది? దీనికి దారి అప్పటికే దొరికింది. 1936లో మద్రాసులో దామోదరన్, నాయర్ ఉసిరిలోని టానిన్‌ను వేరుచేసి పరిశీలించి, అది విటమిన్ సి పాడవకుండా కాపాడుతుందని కూడా చూపారు. టానిన్ అంటే వగరు. ఉసిరికాయ కొరికిన మొదటి క్షణం నాలుకను పట్టేసేది అదే. ఇనప కత్తితో కోస్తే ముక్క నల్లబడేదీ దానివల్లే: టానిన్, ఇనుము కలిస్తే నల్లటి రంగు పుడుతుంది. పాతకాలపు సిరా తయారీ సూత్రమూ ఇదే.

ఆ 1936 పరిశోధన టానిన్ గురించే అయినా లోకం విటమిన్‌నే పట్టుకుంది. ఇందులో తప్పు వెతకక్కర్లేదు. ఆనాడు విటమిన్లు కొత్తవి, అంకెల్లోకి ఒదుగుతాయి, జబ్బు నయమవడం కళ్లకు కనిపిస్తుంది. టానిన్ అంటే తోళ్లు పదును చేసే సరుకని మాత్రమే అనుకునేవారు.

ఇక ఆ 600 సంగతి. అప్పట్లో విటమిన్ సి కొలిచే మామూలు పద్ధతి ఒక రంగు ద్రావణంతో. రసంలోని విటమిన్ సి ఆ రంగును విరిచేస్తుంది; ఎంత రంగు విరిగితే అంత విటమిన్ ఉన్నట్టు లెక్క. రంగు విరిచే గుణం ఇతర పదార్థాలకూ ఉంటే అవి కూడా విటమిన్ ఖాతాలో పడిపోవచ్చు. ఉసిరిలో అలాంటివి దండిగా ఉన్నాయి. తర్వాత వచ్చిన హెచ్‌పీఎల్‌సీ పద్ధతి ఒక్కో పదార్థాన్నీ విడదీసి కొలుస్తుంది. ఒక ఉసిరికాయ ఇరవై నారింజలతో సమానమని చెప్పే ప్రకటనలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. కొత్త అంకెతో లెక్కవేస్తే, బరువుకు బరువు తూచినప్పుడు నారింజకు సుమారు ఐదు రెట్లన్నమాట. అదీ తక్కువేం కాదు, కానీ ఇరవై మాత్రం కాదు.

1958లో కూనూరు ప్రయోగశాల హైదరాబాద్‌కు తరలి వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ ఉసిరి వైపు మళ్లీ తిరిగింది ఈ శతాబ్దిలో. ఈసారి విటమిన్ కోసం కాదు. 1996లో కాశీలో ఘోషల్ బృందం ఉసిరి టానిన్లలో రెండు కొత్తవి ఉన్నాయని ప్రకటించి వాటికి ఎంబ్లికానిన్ ఎ, బి అని పేరు పెట్టింది. దాంతో వగరు మీద ఆసక్తి ఒక్కసారిగా పెరిగింది.

తార్నాకలో భానుప్రకాశ్ రెడ్డి బృందం కంటి శుక్లం వైపు నుంచి ఈ విషయాన్ని పట్టుకుంది. మధుమేహం ఉన్నవాళ్ల కంటి కటకంలోకి గ్లూకోజ్ ఎక్కువగా చేరితే ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని సార్బిటాల్‌గా మారుస్తుంది. అది బయటికి పోలేక లోపలే పేరుకుని, నీటిని గుంజుకుని, కటకాన్ని మసకబారుస్తుంది. ఈ ఎంజైమ్‌ను ఉసిరి అడ్డుకుంటుందని వీళ్లు 2004లో ప్రచురించారు. మొత్తం ఉసిరి సారానికీ, అందులోంచి టానిన్లను మాత్రం గాఢంగా తీసిన సారానికీ మధ్య బలంలో తేడా దాదాపు వంద రెట్లు. అంటే పనిచేస్తున్నది వగరే. 2007లో మధుమేహం తెప్పించిన ఎలుకలకు ఉసిరినీ, టానిన్లనూ తిండిలో పెట్టి చూశారు. శుక్లం రావడం ఆలస్యమైంది. రక్తంలో చక్కెర మాత్రం తగ్గలేదు. ఈ రెండో వాక్యాన్ని ఉసిరి పొడి అమ్మేవాళ్లు ఎందుకో గుర్తుపెట్టుకోరు.

అంతలో రసాయన శాస్త్రం మరో మెలిక పెట్టింది. 2009లో బెంగళూరు నుంచి మజీద్ బృందం ఉసిరిని మళ్లీ శోధించి, ఘోషల్ చెప్పిన ఎంబ్లికానిన్లు తమకు కనబడలేదంది. విటమిన్ సి అనుకుంటున్నదాంట్లో చాలావరకు మ్యూసిక్ ఆమ్లానికి సంబంధించిన గాలేట్లని కూడా వాదించింది. 2006లో ఇటలీ పరిశోధకులేమో ఉసిరిలో విటమిన్ సి గట్టిగానే ఉందని తేల్చారు. కాబట్టి ఇది ముగిసిన వ్యాజ్యం కాదు. నాకు మాత్రం ఇందులో ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది: ఏ పేరు పెట్టినా, ఎవరు లెక్కవేసినా, గాలిక్ ఆమ్లం నుంచి పుట్టిన ఆ వగరు కుటుంబం ఉసిరిలో ఉందన్న విషయంలో తగవు లేదు.

ఎలుకల నుంచి మనుషుల దాకా వచ్చేసరికి కథ తార్నాక దాటి పంజాగుట్టలోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు, అంటే నిమ్స్‌కు చేరుతుంది. 1964లో ఎముకల ఆసుపత్రిగా తెరిచిన భవనాలే తర్వాత నిమ్స్ అయ్యాయి. అక్కడి క్లినికల్ ఫార్మకాలజీ విభాగంలో పి. ఉషారాణి బృందం ఉసిరిని మందును పరీక్షించినట్టే పరీక్షించింది.

2013లో ప్రచురించిన అధ్యయనంలో టైప్ 2 మధుమేహం ఉన్న 80 మంది పాల్గొన్నారు. నాలుగు గుంపులు: ఉసిరి సారం 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 500 రోజుకు రెండుసార్లు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు, ఉత్తుత్తి మాత్ర. పన్నెండు వారాలు. ఎవరికి ఏది ఇస్తున్నారో వేసుకునేవాళ్లకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. కొలిచింది రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యాన్ని. వేలికి సెన్సర్ తగిలించి నాడి తరంగాన్ని నమోదు చేస్తారు. సాల్బ్యుటమాల్ అనే మందు పీల్పించి మళ్లీ నమోదు చేస్తారు. పొర బాగుంటే నాళం వదులై తరంగం ఆకారం మారుతుంది. బాగా లేకపోతే పెద్దగా మారదు. మొదట్లో అందరిలోనూ మార్పు రెండు శాతం పైచిలుకే. పన్నెండు వారాలకు ఉసిరి తీసుకున్న గుంపుల్లో అది తొమ్మిది, పది శాతానికి చేరింది. అటోర్వాస్టాటిన్ గుంపులో పదకొండు. వాపును సూచించే సీఆర్‌పీ తగ్గింది, కొవ్వుల లెక్కలు మెరుగుపడ్డాయి.

బాగుంది. కానీ గుంపుకు ఇరవై మంది, మూడు నెలల కాలం. గుండెపోటు వచ్చిందా రాలేదా అని చూసేంత పెద్దది కాదిది. దీన్ని పట్టుకుని డాక్టరు రాసిన స్టాటిన్ మానేసి ఉసిరి మింగితే అది ఆ పరిశోధన చెప్పని మాట. పైగా వాళ్లు వాడింది నీటితో తీసి, టానిన్ల మోతాదు ఖరారు చేసిన సారం; మన జాడీలోని ఉప్పు, కారం, నూనె ఊరిన కాయ కాదు. 2019లో మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల మీద అదే బృందం చేసిన అధ్యయనం కూడా ఇలాంటి ఫలితాలనే ఇచ్చింది.

నిమ్స్ వాళ్ల పనిలో నాకు ఎక్కువ నచ్చింది 2014 నాటి చిన్న అధ్యయనం. గుండె జబ్బు భయం ఉన్న మధుమేహులు చాలామంది రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటారు. ఇంట్లోవాళ్లు మంచిదని ఉసిరి కూడా పెడతారు. రెండూ కలిస్తే ఏమవుతుందని ఎవరూ అడగరు, వీళ్లు అడిగారు. ఉసిరి సారం కూడా ప్లేట్‌లెట్లు గుంపుకట్టకుండా చూస్తుందనీ, మందుతో కలిపి ఇచ్చినప్పుడు రక్తస్రావం ఆగడానికి పట్టే సమయం కొంత పెరిగినా మామూలు హద్దులు దాటలేదనీ తేలింది.