పిలవని అప్‌డేట్లు, ‘జ్ఞా’ అక్షరము



ఒకనాటి ఉదయము సంధుల పాఠము చెప్పుటకై తరగతికి పోయి, ముందురోజు ఫోనులో వ్రాసి ఉంచుకొన్న ఉదాహరణములకు మరికొన్ని చేర్చబోయితిని. రాత్రి నేను నిద్రించుచుండగా ఆ ఫోను తనంతట తానే ఏదో దింపుకొని, ఆగి, మరల మొదలై, కొత్త ముఖముతో కూర్చున్నది. తెలుగు కీబోర్డు ఉండవలసిన చోట లేదు. దానిని వెదకి పట్టుటకు పావుగంట పట్టినది. ముందు బల్లలోని ఒక విద్యార్థి నా అవస్థ చూచి, “సార్, అప్‌డేట్ అయిపోయుండాది. ఇంగ వెనక్కి పోదు” అన్నాడు. మా హోసూరు సరిహద్దు పలుకుబడిలో ఆ బాలుడు చెప్పిన రెండవ మాట నన్ను చాలా దినములు వదలలేదు. సొమ్ము నాది, వస్తువు నాది. అది మారుటకు నా అనుమతి ఎందుకు అక్కరలేదు? మారిన పిమ్మట వెనుకకు ఎందుకు పోదు? ఈ వ్యవహారము ఎప్పటినుండి మొదలైనదో తెలిసికొనవలెనని కొంత చదివితిని. ఆ వివరములనే ఇక్కడ వ్రాయుచున్నాను.

2003లో వచ్చిన నోకియా 1100 ఫోను మనలో చాలామందికి గుర్తే. ప్రపంచమున 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఫోను అది. కొన్ననాడు ఎట్లున్నదో, మూలపడు నాటికీ అట్లే ఉన్నది. అందులోని సాఫ్ట్‌వేర్‌ను మార్చవలెనన్న సర్వీసు సెంటరుకు తీసికొనిపోవలసినదే. ఇంటిలో కూర్చున్నవాని చేతిలోని ఫోనును ఎక్కడో ఉన్న కంపెనీ మార్చగలదని అప్పుడు ఎవరైనా చెప్పినచో నవ్వెడివారము.

2007 జూన్ 29న అమెరికాలో ఐఫోను అమ్మకమునకు వచ్చినది. అది ఏటీ అండ్ టీ అను ఒక్క సంస్థ సిమ్‌తోనే పనిచేయవలెనని ఏర్పాటు. కొందరు ఆ తాళము తీసి వేరు సిమ్‌లు వేసికొనిరి. ఆ సెప్టెంబరు 24న ఆపిల్ సంస్థ, అట్లు తాళము తీసిన ఫోన్లు రాబోవు అప్‌డేట్‌తో శాశ్వతముగా చెడవచ్చునని హెచ్చరించినది. మూడు దినములకు, అనగా 27న, 1.1.1 అను అప్‌డేట్ వచ్చినది. తాళము తీసిన ఫోన్లు అనేకము నిజముగనే పలుకక పోయినవి. ఇట్టి ఫోనును ఆంగ్లమున ఇటుక అందురు. మనమైతే రాయి అయినదందుము. ఐఫోను పుట్టిన మూడు నెలలకే అప్‌డేట్ అనునది బాగుచేయు సాధనముగనే గాక, యజమానిని అదుపులో ఉంచు సాధనముగ కూడ పనిచేయగలదని తేలిపోయినది.

అయినను ఆనాటి పద్ధతిలో ఒక మేలు కలదు. ఫోనును కంప్యూటరుకు తీగతో కలిపి, యజమాని తానుగ నొక్కిననే మార్పు జరిగెడిది. 2008 జనవరిలో ఐపాడ్ టచ్ వారు కొత్త సాఫ్ట్‌వేర్‌కు 20 డాలర్లు చెల్లించవలసి వచ్చినది. డబ్బు ఇచ్చి కొనునది గనుక, అక్కరలేనివాడు కొనడు. అక్కడ కాదనుటకు చోటున్నది. ఆండ్రాయిడ్ ఫోన్లు 2008 నుండియు, ఐఫోన్లు 2011 అక్టోబరులో ఐఓఎస్ 5 నుండియు తీగ లేకుండగనే గాలిలో అప్‌డేట్లు పుచ్చుకొనసాగినవి. తీగతోపాటు అడుగుట కూడ క్రమముగా సన్నగిల్లినది.

ఇంతవరకు చెప్పినది లోకము కథ. మన తెలుగువారి కథ దీనికి తలక్రిందులుగా మొదలైనది. మనము అప్‌డేట్ వద్దనలేదు, రాలేదని విలపించితిమి.

1991లోనే యూనికోడ్ తొలి ప్రమాణములో తెలుగునకు చోటు దొరికినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అను తెలుగు ఖతి ఉన్నది. కాని ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగునకు ఆధారము 2012 నడుమ వచ్చిన 4.1 కూర్పుతో గాని ఏర్పడలేదు. కన్నడ, మలయాళములకును అదే కూర్పుతో వచ్చినది. అంతకు ముందు ఫోన్లలో చాలావాటియందు తెలుగు వార్త తెరచిన వరుసగా డబ్బాలు కనబడెడివి. అప్పుడు మనవారికి తెలిసిన చిట్కా ఒకటే. ఒపేరా మినీ బ్రౌజరులో లోపలి అమరికల పుటను తెరచి, జటిల లిపులకు బొమ్మ ఖతులు వాడుమను మాటకు అవునని చెప్పవలెను. దూరమున ఉన్న సర్వరు తెలుగు అక్షరములను బొమ్మలుగ మార్చి పంపెడిది. ఆ చిట్కా నేర్చుకొనిన నాడు నేను ఎంత సంతోషించితినో చెప్పలేను! మద్రాసు రాష్ట్రపు రోజులనుండి ఈ సీమలో తెలుగు చదువుకొన్నవారికి పుస్తకము దొరకుటే కష్టము. ఇక ఫోనులో నాలుగు పంక్తులు దొరకిన పండుగే గదా.

మరి 4.1 వచ్చిన పిమ్మట అందరికి తెలుగు కనబడెనా అన్న, లేదు. గూగుల్ కూర్పును విడుదల చేసినంత మాత్రమున అది ఫోనునకు చేరదు. ఫోను తయారుచేసిన సంస్థ దానిని తన నమూనాకు సరిపరచి పంపవలెను. పాత నమూనాకు ఆ శ్రమ పడుటకంటె కొత్తది అమ్ముటయే ఆ సంస్థలకు లాభము. 2012 నడిమి కాలమున వాడుకలోనున్న ఆండ్రాయిడ్ ఫోన్లలో సగానికి పైగా 2010నాటి 2.3 కూర్పుతోనే ఉండిపోయినవి. వాటిలో చాలావాటికి తెలుగు ఎన్నటికి రాలేదు. కోరినవానికి ఇయ్యకుండుట, కోరనివానికి ఇచ్చుట, రెండును ఒకే చేతిలో ఉన్నవని అప్పుడు మాకు తోచలేదు.

కోరనివి ఆ ఏటనే మొదలైనవి. 2012 సెప్టెంబరులో ఐఓఎస్ 6తో ఐఫోనులోని గూగుల్ పటములు పోయి ఆపిల్ సొంత పటములు వచ్చినవి. అవి తప్పుల తడకలై, సంస్థ అధిపతి టిమ్ కుక్ క్షమాపణ చెప్పవలసి వచ్చినది. 2014 సెప్టెంబరు 24న వచ్చిన 8.0.1 అప్‌డేట్ ఐఫోను 6 వారి ఫోను సంకేతములనే పోగొట్టినది. దానిని కొద్దిసేపటికే ఉపసంహరించిరి.

కంపెనీల పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. 2015 జులైలో బయటపడిన స్టేజ్‌ఫ్రైట్ లోపము వలన ఒక్క సందేశముతో ఆండ్రాయిడ్ ఫోనులోనికి దుండగులు చొరబడగలరని తెలిసినది. ఆ వెంటనే గూగుల్ నెలనెల భద్రతా అప్‌డేట్ల పద్ధతి పెట్టినది. కంప్యూటర్ల విషయమున ఇంకను స్పష్టమైన ఉదాహరణ కలదు. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన మరమ్మతును వేసికొననివారిని మే నెలలో వన్నాక్రై పట్టుకొన్నది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ ఆ దెబ్బ తిన్నవి. కాబట్టి అప్‌డేటే వలదనువాడు తలుపు తెరచి నిద్రించువాని వంటివాడు. చిక్కు ఎక్కడ ఉన్నదనగా, తలుపునకు గడియ బిగించ వచ్చిన వడ్రంగి ఇంటి గోడలు కూడ జరిపి పోవుచున్నాడు. గడియ మాత్రము చాలునన్న వినడు. రెండును ఒకే గంపలో వచ్చును.

ఇప్పుడు ముఖ్యమైన ఘట్టమునకు వచ్చితిమి. 2017 డిసెంబరు 18న, ఫోన్ల వేగమును కొలుచు గీక్‌బెంచ్ సాధనమును చేసిన జాన్ పూల్ ఒక పరిశీలన ప్రకటించినాడు. ఐఫోను 6ఎస్, 7 నమూనాల వేగము కొన్ని అప్‌డేట్ల తరువాత తగ్గుచున్నదని అందులో తేలినది. రెండు దినములకు ఆపిల్ ఒప్పుకొన్నది. పాత బ్యాటరీ ఒక్కసారిగ ఎక్కువ విద్యుత్తు ఇయ్యలేక ఫోను ఆరిపోవుచుండగా, దానిని ఆపుటకు 2017 జనవరి నాటి 10.2.1 అప్‌డేట్‌లో వేగమును తగ్గించు ఏర్పాటు చేసితిమన్నది. కారణము అబద్ధము కాదు. కాని చెప్పలేదు. బ్యాటరీ మార్చిన సరిపోవునని తెలియక ఫోనునే మార్చినవారు ఎందరో! డిసెంబరు 28న సంస్థ క్షమాపణ చెప్పి, 79 డాలర్ల బ్యాటరీని 29 డాలర్లకు మార్చుదుమని ప్రకటించినది. వెనుకటి కూర్పునకు పోవుదమన్న దారి లేదు. ఐఫోనులో ఏ కూర్పు వేయవలెనన్నను ఆపిల్ సర్వరు సమ్మతి ముద్ర కావలెను. పాత కూర్పులకు ఆ ముద్ర వేయుట కొలది కాలమునకే ఆపివేయుదురు. మా విద్యార్థి చెప్పిన “ఇంగ వెనక్కి పోదు” అనుదానికి అసలు కారణము ఇదే.

ఇక అప్‌డేట్ నొక్కనే నొక్కమని ఎందరో ఒట్టు పెట్టుకొన్న రోజులవి. సరిగ్గా అప్పుడు, 2018 ఫిబ్రవరి నడుమ, మన ‘జ్ఞా’ వార్తలకు ఎక్కినది.

ఆ అక్షరము ఉన్న సందేశము ఐఓఎస్ 11.2.5 గల ఐఫోనునకు వచ్చినచో, దానిని చూపబోయిన అప్లికేషను కూలిపోయెడిది. తెరమీది ప్రకటనలో వచ్చినచో ఫోను మొత్తము కూలి మరల మరల మొదలయ్యెడిది. ఆకతాయిలు దానిని ట్విట్టరులో పెట్టి వినోదించిరి. వార్తలలో చాలా భాగము తెలుగు అక్షరమే ఫోనును చంపుచున్నదన్న ధోరణిలో వచ్చినవి. తెలుగు చెప్పి పొట్ట పోసికొనువాడను గనుక నాకు అది కొంత బాధ కలిగించినది. జ్ఞానము అను మాట వ్రాయుటకు ఆ అక్షరము లేక ఎట్లు?

నిజమునకు మనము దినమును వ్రాయు ‘జ్ఞా’ దోషి కాదు. జ, పొల్లు, ఞ, దాని తరువాత కంటికి కనబడని ఒక గుర్తు, ఆ పిమ్మట దీర్ఘము, ఈ వరుసలో వచ్చిననే ఫోను కూలినది. ఆ కనబడని గుర్తు తెలుగు టైపు చేయువారికి నిత్య పరిచితమే. ‘ఫేస్‌బుక్’ అని స పొల్లును విడిగ నిలుపుటకు దానిని పెట్టుదుము. పెట్టనిచో బకారము వత్తై ‘ఫేస్బుక్’ అగును. దీర్ఘమునకు ముందు దాని పని ఏమియు లేదు, పొరపాటున దొర్లుట తప్ప. అట్లు దొర్లినను అక్షరములను గీయు సాఫ్ట్‌వేర్ తట్టుకొనవలెను. తట్టుకొనలేకపోవుట ఆపిల్ వారి లోపము. దేవనాగరి, బంగ్లా లిపులలో కూడ ఇట్టి వరుసలకు అదే జరిగినది. పేరు మాత్రము తెలుగునకు వచ్చినది.

ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్‌తో మరమ్మతు వచ్చినది. రెండు నెలల క్రితమే అప్‌డేట్‌తో మోసపోతినని భావించిన 6ఎస్ యజమానిని తలచుకొనుడు. ఇప్పుడు అదే చేతితో ఇచ్చు మందు త్రాగనిచో, ఎవడో పంపిన ఒక్క అక్షరముతో ఫోను పోవచ్చును. త్రాగినచో వేగము తగ్గించు ఏర్పాటు అట్లే ఉండును. దానిని ఆపుకొను వీలు మార్చి 29 నాటి 11.3తో గాని రాలేదు. నడుమ 38 దినములు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

తరువాతిది న్యాయస్థానముల, ప్రభుత్వముల కథ. 2018 అక్టోబరులో ఇటలీ ఈ కారణముననే ఆపిల్‌పై కోటి యూరోల జరిమానా వేసినది. పాత నోట్ 4 ఫోన్లకు సరిపడని కూర్పును వేయించినందుకు శాంసంగ్‌పై 50 లక్షల యూరోలు వేసినది. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సు ఆపిల్‌పై రెండున్నర కోట్ల యూరోలు విధించినది. అదే ఏట అమెరికాలో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించుటకు ఆపిల్ రాజీపడినది.

అంతటితో ఆగినదా అన్న, 2025 జనవరిలో గూగుల్ తన పిక్సెల్ 4ఎ ఫోన్లకు ఒక అప్‌డేట్ పంపినది. కొన్నింటిలో బ్యాటరీ నిలుచు కాలము గణనీయముగ పడిపోయినది. పాత కూర్పులను సంస్థ తన స్థలమునుండి తీసివేసినది. అయితే ఈసారి ముందుగ చెప్పిరి, ఉచితముగ బ్యాటరీ మార్పునో 50 డాలర్లనో ఇత్తుమనిరి. 2017 దెబ్బ అంతమాత్రము నేర్పినదనుకొందును.

అదే ఏడు జూన్ 20 నుండి ఐరోపా సమాఖ్యలో ఒక నిబంధన అమలునకు వచ్చినది. ఒక నమూనా అమ్మకము ముగిసిన పిదప కనీసము అయిదేండ్లు అప్‌డేట్లు అందుబాటులో ఉండవలెను. 2012లో మాకు కావలసినది అదే. ప్రకటించిన గుణములు అప్‌డేట్ వలన తగ్గునట్లైనచో, యజమాని స్పష్టముగ ఒప్పుకొనవలెను. అప్‌డేట్ వద్దన్నంత మాత్రమున ఫోను పనితీరు తగ్గరాదు. ఈ నిబంధన ఐరోపాలో అమ్ము ఫోన్లకు సంబంధించినది. హోసూరు బజారులో కొన్న నా ఫోనులో మాత్రము నిన్న సాయంకాలము మరియొక ప్రకటన వచ్చినది. “ఈ రాత్రి” అనియు “తరువాత గుర్తుచేయుము” అనియు రెండే మీటలున్నవి. “వద్దు” అను మీట కొరకు చూచితిని, లేదు.