కాంప్లెక్సుకూ బైపాసుకూ మధ్య అనకాపల్లి

అనకాపల్లివాళ్లు విజయవాడ సూపర్ లగ్జరీ ఎక్కాలంటే చాలాసార్లు రెండే దార్లు. వెనక్కి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు వెళ్లి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో కూర్చోవడం, లేదా సంచీతో బైపాసు మీద నిలబడటం. ఈ తిరకాసుకు నూరేళ్లకు పైబడ్డ చరిత్ర ఉంది.

1893లో బెజవాడ, వాల్తేరుల మధ్య రైలు నడిచింది. దూరాలు రైలుకు పోగా, బస్సుకు మిగిలినవి చోడవరం, మాడుగుల, నర్సీపట్నం దార్లు. అవి ప్రైవేటు మోటార్ల రోజులు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువైతే వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకుని మరీ నడిచాయి. అవతల నిజాం రాజ్యంలో మాత్రం 1932లోనే సర్కారు 27 బస్సులు రోడ్డెక్కించింది. ఆ సర్కారు బస్సుల విభాగం వారసత్వంతోనే 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ పుట్టింది.

కొత్త సంస్థ కోసం సర్కారు రూట్లను చేజిక్కించుకుంటుంటే, కోస్తా, సీమ ప్రైవేటు బస్సుల యజమానులు వాటిని ఊరికే వదులుకోలేదు. కృష్ణా జిల్లా తగాదా ఆ ఏడాదే సుప్రీంకోర్టుకెక్కింది. అభ్యంతరాలు విన్నది ఒకరు, తీర్పు చెప్పింది మరొకరు, ఇదేం విచారణ అంటూ కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. కర్నూలు రూట్ల కేసులో కోర్టు చేసిన వ్యాఖ్యలకు 1964లో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికే రాజీనామా చేశారు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు లెండి!

ఆ తర్వాత అంతా పెరుగుదలే. 1990లో విజయవాడ నెహ్రూ బస్‌స్టేషన్, 1994లో హైదరాబాద్ ఇమ్లిబన్, 1999లో ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ పేరు. అనకాపల్లి స్టాండు మాత్రం పల్లెలకే అంకితమైంది. కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర మొదలైతే ఆ సందడి చూడాలి. బస్సు ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు పడతాయి. పిల్లాణ్ణి కూడా కిటికీలోంచే లోపలికి అందిస్తారు.

దెబ్బకొట్టింది హైవే. స్వర్ణ చతుర్భుజి కింద నాలుగు వరుసలయ్యాక దూరపు బస్సులకు ఊళ్లోకి వచ్చే పని తగ్గింది. తర్వాత అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా ఆరు వరుసలు వేసి విశాఖనే తప్పించారు. నగరానికి జనబలముంది, కాబట్టి కాంప్లెక్సు తట్టుకుంది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైనా, బస్సుకు కావలసింది ప్రయాణికుడు గాని కలెక్టరేటు కాదు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు జీరో టికెట్టు. విజయవాడ సూపర్ లగ్జరీకి అది చెల్లదు. డబ్బులిచ్చి, బైపాసు మీదే ఎక్కాలి.