ఉదయం టిఫిన్‌కు బదులు షేక్

మీల్ రీప్లేస్‌మెంట్ షేక్ అంటే ఒక పూట తిండికి పూర్తిగా బదులుగా తాగేందుకు తయారుచేసిన పానీయం. డబ్బాల్లో, సాచెట్లలో పొడిగా దొరుకుతుంది, నేరుగా తాగే సీసాల్లోనూ వస్తుంది. పాల ప్రొటీన్ లేదా సోయా ప్రొటీన్, ఏదో ఒక పిండిపదార్థం, కొంచెం నూనె, కొంచెం పీచు, పైన విటమిన్లు, ఖనిజాలు ఇందులో ఉంటాయి. జిమ్‌కు వెళ్ళేవాళ్ళు వాడే ప్రొటీన్ పొడి వేరు, దానితో ఒక పూట గడవదు. హార్లిక్స్, బూస్ట్ లాంటివి కూడా వేరే, అవి పాలలోకి తోడు మాత్రమే. బరువు తగ్గించే ఇలాంటి ఆహారాలకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 1991లో కొలతలు పెట్టింది. ఒక పూటకు బదులుగా ఇచ్చేదానిలో 200 కేలరీలకు తగ్గకుండా, 400 మించకుండా ఉండాలి. ఆ శక్తిలో నాలుగో వంతు నుంచి సగం దాకా ప్రొటీన్ నుంచి రావాలి, కొవ్వు వాటా 30 శాతం దాటకూడదు. ఇప్పుడు ఈ షేక్ బరువు తగ్గాలనుకునేవాళ్ళను దాటి, పొద్దున్నే ఆఫీసు బస్సు అందుకోవాల్సినవాళ్ళ దాకా వచ్చింది. హైదరాబాద్, విజయవాడ లాంటి నగరాల్లో తెల్లవారగానే షేక్ పోసే న్యూట్రిషన్ క్లబ్బులు కూడా వెలిశాయి. తొందరలో ఉన్న మనిషికి ఇది మంచి టిఫినేనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఒక సంగతి గుర్తించాలి. షేక్‌కు అనుకూలంగా చూపించే శాస్త్రీయ రుజువులు దాదాపు అన్నీ మరో ప్రశ్నకు, బరువు ఎలా తగ్గాలన్నదానికి, వచ్చిన జవాబులు.

చరిత్ర చూస్తే బరువు తగ్గడం, సమయం మిగల్చడం అన్న ఈ రెండు దారులు ఎక్కడ విడిపోయాయో తెలుస్తుంది. అమెరికాలో మీడ్ జాన్సన్ కంపెనీ రోగుల కోసం సస్టాజెన్ అనే పోషక పొడి తయారుచేసేది. దాని ఆధారంగానే 1959లో మెట్రికాల్‌ను బజారుకు తెచ్చింది. రోజంతా కలిపి 900 కేలరీలు, నాలుగు విడతలుగా తాగాలి, వేరే తిండి అక్కర్లేదు అన్నది దాని పద్ధతి. అప్పటిదాకా తినలేని రోగిని నిలబెట్టడానికి వాడిన వస్తువు, ఎక్కువ తినే ఆరోగ్యవంతుడిని తగ్గించడానికి వాడే వస్తువైంది. 1964లో వచ్చిన కార్నేషన్ ఇన్‌స్టంట్ బ్రేక్‌ఫాస్ట్ దారి వేరు. బరువు మాట పక్కనపెట్టి, పాలలో కలిపి తాగి బయల్దేరమన్నది. 1977లో వచ్చిన స్లిమ్‌ఫాస్ట్ మళ్ళీ బరువు దారిలోనే నడిచింది, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి తాగి రాత్రి మితంగా భోంచేయమంది. అదే దశాబ్దం చివర్లో ద్రవ ప్రొటీన్ ఆహారాల మోజు అమెరికాలో పదుల సంఖ్యలో ప్రాణాలు తీసింది. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన నాసిరకం ప్రొటీన్ మీదే నెలల తరబడి బతికినవాళ్ళలో కొందరికి గుండె లయ తప్పి మరణం సంభవించింది. పూర్తి ఆహారమని పేరు పెట్టినంత మాత్రాన పూర్తి ఆహారం కాదని అందరికీ తెలియజెప్పిన విషాదం అది. కోడెక్స్ లాంటి కొలతలు ఎందుకు అవసరమో అలాంటి అనుభవాలు చూపిస్తాయి. 2014లో అమ్మకానికి వచ్చిన సాయిలెంట్, ఆ మరుసటి ఏడాది బ్రిటన్‌లో మొదలైన హ్యూయెల్ మళ్ళీ సౌకర్యం దారి పట్టాయి. వంటకు, తినడానికి పట్టే సమయాన్ని మిగల్చడమే వాటి వాగ్దానం.

రుజువులున్నది మొదటిదైన బరువు దారికే. 2019లో వెలువడిన ఒక సమీక్ష 23 పరిశోధనలను, సుమారు 7,900 మంది వివరాలను కలిపి చూసింది. షేక్ లాంటి ప్రత్యామ్నాయాలు వాడినవాళ్ళు, మామూలు డైటింగ్ చేసినవాళ్ళ కంటే ఏడాది తర్వాత సగటున 1.4 కిలోలు ఎక్కువ తగ్గారు. తేడా చిన్నదే, కానీ నిజమైనది. ఇంతకంటే బలమైనది బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ పరిశోధన. టైప్ 2 మధుమేహం వచ్చి ఆరేళ్ళు దాటనివారికి మూడు నుంచి ఐదు నెలలపాటు రోజుకు సుమారు 850 కేలరీలు, షేక్‌లూ సూప్‌ల రూపంలోనే ఇచ్చారు. ఆ తర్వాత మామూలు తిండిని మెట్లుమెట్లుగా తిరిగి మొదలుపెట్టించారు. ఏడాది గడిచేసరికి వాళ్ళలో 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహం నుంచి ఉపశమనంలో ఉన్నారు. మామూలు వైద్యం పొందినవారిలో ఇది 4 శాతమే. గొప్ప ఫలితమే, సందేహం లేదు. అయితే అక్కడ షేక్ చేసిన పని తక్కువ తినిపించడం. కొలత ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి ఎంత వడ్డించుకోవాలి, ఇంకొకటి వేసుకోవాలా అన్న తర్జనభర్జన ఉండదు. పక్కన నర్సో డైటీషియనో ఉండి ప్రతి దశనూ గమనించారు. బరువు తగ్గక్కర్లేని, మధ్యాహ్నం ఒంటిగంట దాకా నిలబడాల్సిన ఉద్యోగికి కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. అతనికి కడుపు నిండాలి, మధ్యలో సమోసా వైపు చేయి పోకూడదు.

కడుపు నింపడంలో ద్రవాలు వెనకబడతాయని చాలాకాలంగా తెలుసు. 1977లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో ఒకే మోతాదు పిండిపదార్థాన్ని ఆపిల్ పండ్లుగా, గుజ్జుగా, రసంగా మూడు విధాల ఇచ్చారు. రసం పండ్లకంటే పదకొండు రెట్లు వేగంగా లోపలికి పోయింది. ఆకలి తీరింది పండు తిన్నప్పుడే ఎక్కువ, రసం తాగినప్పుడు తక్కువ. 2000లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒకే మనుషులకు నాలుగు వారాలు 450 కేలరీల మిఠాయి, మరో నాలుగు వారాలు అన్నే కేలరీల కూల్‌డ్రింక్ ఇచ్చి చూశారు. మిఠాయి తిన్న రోజుల్లో ఆ మేరకు మిగతా తిండి తగ్గింది, కూల్‌డ్రింక్ తాగిన రోజుల్లో తగ్గలేదు. 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో 20 మందితో జరిగిన ప్రయోగంలో బాగా ప్రాసెస్ చేసిన తిండి దొరికిన రెండు వారాల్లో జనం రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, తినే వేగమూ పెరిగింది. కూల్‌డ్రింక్‌లో ప్రొటీన్ లేదు కదా, షేక్‌ను దానితో పోల్చడం అన్యాయమని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో న్యాయముంది. ప్రొటీన్ ఆకలిని ఆపుతుంది, చిక్కదనం కూడా ఆపుతుంది, చెంచాతో నిదానంగా తాగే సూప్ ఘనాహారంతో దాదాపు సమానంగా నిలిచిన ప్రయోగాలూ ఉన్నాయి. కాబట్టి దోషం ద్రవంలో కంటే రెండు నిమిషాల్లో గటగటా తాగేయడంలో ఉంది. కానీ షేక్ అమ్ముడుపోయేదే ఆ రెండు నిమిషాల పేరు మీద.

డబ్బా మీది లెక్క ఒకటి దగ్గరగా చూద్దాం. మన బజారులో కొన్ని పొడులకు ఒకసారి వాడే మోతాదు 25 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. కొవ్వు తక్కువున్న పొడి గ్రాముకు నాలుగు కేలరీలకు మించి పెద్దగా ఇవ్వదు కాబట్టి, నీళ్ళలో కలిపితే దక్కేది వంద కేలరీలు. కోడెక్స్ అడిగినదానిలో అది సగం. 200 మిల్లీలీటర్ల టోన్డ్ పాలు పోస్తే మరో 115 కేలరీలు, 6 గ్రాముల ప్రొటీన్ చేరి లెక్క సరిపోతుంది. అంటే ఆ పూట శక్తిలో సగం పైగా ఇచ్చింది పాలే. ఇప్పుడు అవే పాలలో 30 గ్రాముల రాగిపిండితో జావ కాస్తే సుమారు 210 కేలరీలు, 8 గ్రాముల ప్రొటీన్, 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, మూడు గ్రాముల పైచిలుకు పీచు వస్తాయి. ప్రొటీన్‌లో మంచి షేక్ 13 నుంచి 15 గ్రాముల దాకా ఇస్తుంది కాబట్టి జావ ఓడిపోతుంది, దాన్ని దాచక్కర్లేదు. ఉడకబెట్టిన గుడ్డు ఒకటి పక్కన పెడితే ఆ ఆరు గ్రాముల లోటు తీరిపోతుంది. గుడ్డు తిననివాళ్ళకు పెసలున్నాయి. 50 గ్రాముల పొట్టు పెసలతో వేసిన పెసరట్లలో 11 గ్రాముల ప్రొటీన్, 8 గ్రాముల పీచు ఉంటాయి. పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అందులో మూడో వంతు ఆ ఒక్క ప్లేటులోనే వచ్చేస్తుంది. డబ్బా వెనక పదార్థాల జాబితాను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. మొదటి మూడు పేర్లలో పంచదారో మాల్టోడెక్స్ట్రినో కనిపిస్తే అది రక్తంలో చక్కెరను వేగంగా పెంచే పొడి అని తెలుసుకోవచ్చు.

మన టిఫిన్లు మాత్రం అంత గొప్పవా అన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. కావు. బొంబాయి రవ్వ ఉప్మా, మైదా పూరీ, కొబ్బరి చట్నీతో రెండిడ్లీలు, వీటిలో ప్రొటీన్ తక్కువ, పిండిపదార్థం ఎక్కువ. మధుమేహం ఇంతగా పెరిగిన సమాజం దీన్ని పట్టించుకోకుండా ఉండకూడదు. నూనె కారే నాలుగు పూరీలకూ మంచి షేక్‌కూ మధ్య ఎంచుకోవాల్సివస్తే షేకే మేలు. కానీ ఎంపిక ఆ రెంటి మధ్యే ఉందనుకోవడం దగ్గర వాదన జారిపోతుంది. ఉప్మాలో గుప్పెడు వేరుశనగ పప్పులు, కూరగాయ ముక్కలు పడితే అది వేరే టిఫిన్ అవుతుంది. ముందురోజు నానబెట్టిన పెసల మొలకలకు, పెరుగు కలిపిన అటుకులకు, రాత్రి తోడువేసిన చద్దన్నానికి పొద్దున పొయ్యి వెలిగించే పనే లేదు. సమయం విషయంలో ఇంకో నిజం ఉంది. చాలా ఇళ్ళలో పొద్దున్నే పొయ్యి ముందు నిలబడేది ఒక్క మనిషే, అదీ ఎక్కువగా ఇల్లాలే. ఆమె తాను తినడానికి మిగిలేది ఐదు నిమిషాలు. ఆమెకు షేక్ నిజంగానే వెసులుబాటు, దాన్ని తప్పుపట్టడానికి లేదు. తప్పు ఆ ఐదు నిమిషాలు మాత్రమే మిగిల్చిన ఇంటి ఏర్పాటుది. ఇక ఏమీ తినకపోవడం కంటే ఏదో ఒకటి తాగడం మేలు కదా అన్న మాట అందరికీ వర్తించదు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన 13 ప్రయోగాల సమీక్షలో, పొద్దున తిన్నవాళ్ళు రోజంతా కలిపి సగటున 260 కేలరీలు ఎక్కువే తిన్నారని తేలింది. ఎదిగే పిల్లలు, గర్భిణులు, మధుమేహానికి మందులు వాడేవాళ్ళు తప్ప, ఆకలి వేయని పెద్దవాళ్ళు తొమ్మిదింటికే ఏదో ఒకటి తాగితీరాలన్న నియమం లేదు.

విటమిన్ల మాటకొస్తే, బి12 లోపం శాకాహారుల్లో, ఇనుము లోపం ఆడవాళ్ళలో మన దగ్గర విస్తృతంగా ఉన్నాయి. షేక్‌లో అవి కలిపి ఉండటం మంచిదే. లోపం ఉన్నవారికి పరీక్ష చేసి మాత్ర ఇవ్వడం ఇంకా చవక, ఇంకా కచ్చితం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, ప్రొటీన్ పొడుల్లో పంచదార, కృత్రిమ తీపి, రంగు రుచుల పదార్థాలు కలిసి ఉండవచ్చనీ, వాటిని రోజూ వాడటం తగదనీ చెప్పాయి. అది నేరుగా షేక్‌ల గురించి అన్న మాట కాదు, కానీ తయారీ పద్ధతి దగ్గరిదే కాబట్టి ఆ జాగ్రత్త ఇక్కడా వర్తిస్తుంది. పేర్లను కూడా గుడ్డిగా నమ్మకూడదు. హెల్త్ డ్రింక్ అనే వర్గమే మన ఆహార చట్టంలో లేదని గుర్తుచేస్తూ, ఆ పేరు కింద పానీయాలను అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది.

పళ్ళు ఊడిన వృద్ధులకు, ఆపరేషన్ తర్వాత ఆకలి చచ్చినవారికి, క్యాన్సర్ చికిత్సలో బరువు కోల్పోతున్నవారికి షేక్ గొప్ప ఆసరా. సస్టాజెన్ పుట్టింది అలాంటివారి కోసమే. వాళ్ళు ఎంచుకోవాల్సింది బరువు తగ్గించే పొడి మాత్రం కాదు, కేలరీలు ఎక్కువుండి డాక్టరు రాసిచ్చే రకం. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు ఒక విషయం తప్పక గమనించాలి. షేక్‌లో కలిపే కాల్షియం, ఇనుము, సోయా ఆ మందును ఒంటికి పట్టనివ్వవు. అరగంట ఆగి కాఫీ తాగినట్టు దీన్ని తాగితే సరిపోదు. కాల్షియం, ఇనుము ఉన్నవాటికి నాలుగు గంటల ఎడం పాటించమంటారు, అంటే అది ఉదయపు టిఫిన్‌గా పనికిరానట్టే. వార్ఫరిన్ వాడే గుండె రోగులు డబ్బా మీద విటమిన్ కె ఎంతుందో చూసి, మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పాలి. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు ప్రొటీన్, పొటాషియం, ఫాస్ఫరస్ లెక్కలు డాక్టరుకు చూపించి అడగకుండా ఏ షేకూ మొదలుపెట్టకూడదు.