భీమిలి రేవు నుంచి విశాఖ రేవుకు

విశాఖలో మన తరం వాళ్ళని "మీదే ఊరు?" అని అడిగితే "వైజాగే" అని ఊరుకునేవాళ్ళు తక్కువ. "వైజాగే గానీ, అసలు మాది..." అంటారు. ఆ "గానీ" తర్వాత ఓ చిన్న ఊరి పేరు వస్తుంది. కళింగపట్నం, బారువ, కోరంగి, భీమిలి. అన్నీ ఒకప్పుడు ఓడలు ఆగిన ఊళ్ళే. మన బడి హాజరుపట్టీని ముందేసుకుని ఇంటి పెద్దల్ని అడుగుతూ పోతే, ఈ తీరంలో ఖాళీ అయిన రేవుల జాబితా తయారవుతుందని నా అనుమానం.

మాది భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట, నరసింహస్వామి కొండ కింద ఉన్న ఊరు. పావురాలకొండ మీద బౌద్ధుల నాటి శిథిలాలున్నాయి కాబట్టి అక్కడ జనసంచారం రెండు వేల ఏళ్ళ నాటిది. రేవుగా మాత్రం పేరొచ్చింది డచ్చివారితో. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో వాళ్ళిక్కడ వర్తక స్థావరం పెట్టి బట్టలు, ధాన్యం ఎగుమతి చేశారు. మధ్యలో ఇంగ్లీషువారు రెండు మూడుసార్లు లాక్కోవడం, తిరిగి ఇవ్వడం జరిగాక, 1824 ఒప్పందం ప్రకారం 1825లో ఊరు పూర్తిగా ఇంగ్లీషు కంపెనీ చేతికొచ్చింది. డచ్చివారి కోసుగా లేచిన సమాధులు ఇప్పటికీ సముద్రం ఒడ్డున ఉన్నాయి. భీమిలి చూడ్డానికి వెళ్ళినవాళ్ళంతా వాటికే ఫొటోలు తీస్తారు. తియ్యాల్సిందే. కానీ ఆ దొరల సరుకుని ఒడ్డునుంచి ఓడకి చేర్చిన పడవవాళ్ళకి అక్కడ ఒక్క రాయి కూడా లేదు. వాళ్ళ మనవలు, మునిమనవలు మాత్రం మనతోపాటు బెంచీల మీద కూర్చున్నారు.

ఇప్పటి పిల్లలకి రేవంటే క్రేన్లు, కంటెయినర్లు. భీమిలిలో ఓడ ఒడ్డుకి వచ్చేది కాదు. నీళ్ళు లోతున్నచోట, దూరంగా లంగరేసుకుని నిలబడేది. సరుకంతా పడవల మీద వెళ్ళాలి, పడవల మీదే రావాలి. అవి మసూలా పడవలు. మేకులు కొట్టకుండా కొబ్బరితాడుతో పలకల్ని కుట్టి కట్టేవారు. మేకు కొట్టిన పడవ బిగుసుకుని ఉంటుంది కాబట్టి కెరటం తన్నితే పగులుతుంది. కుట్టిన పడవ కెరటంతోపాటు కాస్త వంగి మళ్ళీ నిలదొక్కుకుంటుంది. ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ చదవని జాలర్ల తెలివి ఇది.

మా ముత్తాతగారు, తాతగారు ఒడ్డున గుమాస్తాలు. పడవలోకి ఎన్ని బస్తాలు ఎక్కాయో లెక్క రాయడం, చిరిగిన గోనె సంచిని అక్కడికక్కడే కుట్టించడం వాళ్ళ పని. నువ్వులు, కరక్కాయలు, తోళ్ళు, అన్నిటికన్నా ముఖ్యంగా గోగునార. ఈ గోగునార సంగతి కాస్త చెప్పాలి. మనం పచ్చడి నూరుకునే గోంగూరకి దగ్గర చుట్టం ఆ మొక్క. దాని నారని ప్రపంచ మార్కెట్లో "బిమ్లీ జూట్" అనేవారు. ఇంగ్లీషువాడి నోట్లో భీమునిపట్నం "బిమ్లీపటం" అయింది, ఆ పేరు బేళ్ళకి ఎక్కి దేశాలు తిరిగింది. చిట్టివలసలో జూట్ మిల్లు రావడానికీ ఈ నారే మూలం. ఆ మిల్లు 2009లో మూతపడింది. మా ఇంట్లో ఆ రోజుల గుర్తుగా మిగిలింది ఒక్క దబ్బనం. మా మామ్మ దాంతో పరుపులు కుట్టేది, నా బడి సంచీ తెగితే అదీ కుట్టేది.

1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, గంటస్తంభం, దీపస్తంభం, చర్చి, గిడ్డంగులు ఉన్న ఊరు ఎందుకు వెనకపడింది? "సముద్రం అలిగింది నాయనా, ఓడల్ని తీసుకుపోయింది" అనేది మామ్మ. సముద్రం ఏమీ అలగలేదు. 1893లో తూర్పుతీర రైలు మార్గం విజయనగరం మీదుగా వాల్తేరు చేరింది. భీమిలి దాకా రాలేదు. అంతవరకు బళ్ళమీద రేవుకి దిగే సరుకు రైలు స్టేషన్లవైపు తిరిగింది. రెండో దెబ్బ విశాఖ హార్బరు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, మేఘాద్రిగెడ్డ ఉప్పుటేరు కలిసే బురద నేలని తవ్వి, బెంగాల్ నాగపూర్ రైల్వే వారు లోపలి రేవు కట్టారు. 1931లో విజయనగరం–రాయపూర్ లైను పూర్తయింది. మధ్య పరగణాల మాంగనీసు నేరుగా విశాఖకి దిగడానికి దారి పడింది. 1933 అక్టోబరు 7న "జలదుర్గ" అనే ఓడ మొదటిసారి లోపలికొచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. ఓడ ఒడ్డుకే ఆనుకుని నిలబడేచోటు దొరికాక, కెరటాల మీద పడవ నడిపించే రేవుతో ఎవరికి పని?

ఓడలతోపాటు మనుషులూ వెళ్ళారు. కొందరు విశాఖకి, అంతకు ముందునుంచే చాలామంది రంగానికి. రంగూన్ అని ఇప్పుడంటాం గానీ మన పెద్దల నోట అది రంగమే. కోతల కాలం చూసుకుని స్టీమరెక్కి వెళ్ళి, బియ్యం మిల్లుల్లో, రేవులో కూలి చేసి తిరిగొచ్చేవారు. అక్కడ తెలుగువాళ్ళందరికీ "కోరంగీలు" అని ఒకే పేరు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరది. భీమిలిలో స్టీమరెక్కినవాడు కూడా అక్కడ దిగేసరికి కోరంగీయే. 1930 మేలో రంగం రేవులో బర్మా కూలీలకీ తెలుగు కూలీలకీ మధ్య పెద్ద అల్లర్లు జరిగి చాలామంది మనవాళ్ళు చనిపోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక ఓడలో చోటు దొరకనివాళ్ళు అడవుల్లో నడిచి వచ్చారు. మా పెద్దతాత, అంటే తాతగారి అన్నగారు, అలా నడిచొచ్చినవారే. దారి గురించి అడిగితే వానల సంగతి చెప్పేవారు తప్ప, వెంట బయలుదేరినవాళ్ళు ఏమయ్యారో ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఇంటికి చేరిన ఏడాదే, 1942 ఏప్రిల్ 6న, విశాఖ మీదా బాంబులు పడ్డాయి. బర్మా నుంచి మరో విడత జనం 1960ల్లో వచ్చారు. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు పేరు అలా వచ్చిందే.

మా తాతగారు యుద్ధం ముగిశాక కుటుంబాన్ని విశాఖ తెచ్చారు. చేతిలో ఉన్నది బస్తాల లెక్క రాసే విద్య. దానికి ఇక్కడి రేవులోనూ గిరాకీ ఉంది. మా నాన్నగారు 1948 మార్చి 14న నెహ్రూ "జల ఉష"ని నీళ్ళలోకి వదిలిన రోజున షిప్‌యార్డు బయట జనంలో నిలబడి చూశానని జన్మంతా చెప్పుకున్నారు. ఆ తర్వాతి కథ మీకూ తెలుసు. 1966 ఉక్కు ఉద్యమం, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వేసిన శంకుస్థాపన రాయి, ఆ ఫ్యాక్టరీకి భూములిచ్చి ఊళ్ళొదిలిన కుటుంబాలు. ఆ ఇళ్ళ పిల్లలూ "వైజాగే గానీ" అనేవాళ్ళే. వాళ్ళ "గానీ" తర్వాత వచ్చే ఊరికి ఇప్పుడు బస్సెక్కి వెళ్ళడానికి లేదు. మాకు భీమిలి ఇంకా ఉంది, విశాఖ నగరపాలనలో కలిసిపోయినా. ఆ సంగతిలో మేం అదృష్టవంతులం.

ఈ స్వర్ణోత్సవ సంచికలో ఇంత సొంత గోల ఎందుకంటే, మన ఇళ్ళలో అటకల మీద ఇంకా కాగితాలున్నాయి. రంగం నుంచి వచ్చిన ఉత్తరాలు, మనీయార్డరు రసీదులు, పడవ కూలి లెక్కలు, భూసేకరణ నోటీసులు. ఎనభై దాటిన మన గురువుల్లో, మన అమ్మానాన్నల్లో పడవ భాగాల పేర్లు, సరుకు ఎత్తేటప్పుడు పాడిన పదాలు తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఫోనులో రికార్డు చెయ్యండి. పేరు, ఊరు, తేదీ తప్పకుండా చెప్పించండి. కాగితాలు సంఘం ఆఫీసుకి తెస్తే స్కాన్ చేయించి అసలు ప్రతి అదే రోజు తిరిగి ఇచ్చే బాధ్యత నాది. మా పెద్దతాత దారి గురించి చెప్పని మాటలు నాకిక దొరకవు. మీ ఇంట్లో ఆయన వయసువాళ్ళు చెప్పినవేమైనా రాసి పెట్టుంటే ముందు అవి తీసుకురండి.