రంగుల్లేని తెర

నింటెండో అనగానే అందరూ మారియో సృష్టికర్త మియమోటో దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఆ కంపెనీ మొదటి పరిశోధన విభాగం మీదే మక్కువ.

దాని పెద్ద గున్‌పే యోకోయ్. 1965లో చేరినప్పుడు ఆయన పని, పేకముక్కలు చేసే యంత్రాలు పాడవకుండా చూసుకోవడం. మన ఆఫీసు భాషలో మెయింటెనెన్స్!

టీవీకి తగిలించే ఫామికామ్ (1983) రెండో విభాగానిది. మొదటి విభాగం చేతిలో పట్టే యంత్రాలు చేసేది. ఆటలూ చేసేది, అదీ విశేషం. 1989లో గేమ్‌బాయ్, దాంతోపాటే సూపర్ మారియో ల్యాండ్, రెండూ అక్కడివే. ఆ మారియోలో మియమోటో చెయ్యి లేదు.

అదే ఏడాది అటారీ లింక్స్ రంగుల తెరతో వచ్చింది. ఆరు పెన్సిల్ సెల్స్ వేస్తే నాలుగైదు గంటలు. గేమ్‌బాయ్‌కి రంగుల్లేవు, కానీ నాలుగు సెల్స్‌తో పది గంటలు దాటేది. పాతబడి చవకైన సరుకునే కొత్తగా వాడాలన్నది యోకోయ్ పట్టుదల. ఆట రాసేవాళ్లూ తెర ఎంచేవాళ్లూ ఒకే గూట్లో ఉండబట్టే అంత ధైర్యం చేశారని నా అనుమానం. మా దగ్గరైతే అది మూడు టీముల మధ్య మెయిళ్లలోనే నలిగిపోయేది.

1995లో ఆయన వర్చువల్ బాయ్ బోల్తా కొట్టింది. మరుసటేడు నింటెండో వదిలేశారు. 1997లో రోడ్డు ప్రమాదంలో పోయారు. బాందాయ్ కోసం ఆయన పనిచేసిన వండర్‌స్వాన్ 1999లో గానీ రాలేదు. తెర మళ్లీ నలుపుతెలుపే. సెల్ ఒక్కటే.