దుబాయ్ చూసి రావాలా? బాసర నుంచి బయలుదేరే ముందు ఇవి తెలుసుకోండి

గల్ఫ్‌లో తమవాళ్లు లేని ఊరు ఉత్తర తెలంగాణలో అరుదు. నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల జిల్లాల నుంచి దశాబ్దాలుగా పని కోసం వెళ్తున్నారు. అక్కడున్న కొడుకునో తమ్ముడినో కలిసి, నాలుగు చోట్లు చూసి రావాలనుకునే కుటుంబాలూ ఉన్నాయి. అయితే ఈ ప్రాంతంలో ‘విజిట్ వీసా’ అంటే రెండు అర్థాలు. ఒకటి, చూసి రావడం. రెండోది, ‘ముందు విజిట్ మీద వెళ్లు, అక్కడ పని చూపిస్తాం’ అనే ఏజెంటు మాట. ఈ రెండూ ఒకటి కావు. చూసి రావడానికే వెళ్లేవారికి కావాల్సిన వివరాలివి.

పాస్‌పోర్టు ఎక్కడ?

బాసరకు దగ్గర్లో ఉన్నది నిజామాబాద్ పాస్‌పోర్టు సేవా కేంద్రం. కరీంనగర్‌లోనూ కేంద్రం ఉంది. ఆదిలాబాద్‌లో పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రం పనిచేస్తోంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, ఫీజు కట్టి, స్లాట్ బుక్ చేసుకోవాలి. పెద్దవాళ్లకు 36 పేజీల పాస్‌పోర్టు ఫీజు రూ.1,500. తత్కాల్ అయితే మొత్తం రూ.3,500. చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ లేని వెబ్‌సైట్లలో డబ్బు కట్టొద్దు. సందేహాలకు 1800 258 1800 టోల్ ఫ్రీ నంబరు ఉంది.

పేరు ఎలా ఉండాలి?

ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, ఒక్క పేరుతోనే పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లు మనలో చాలామంది. ఇలాంటి పాస్‌పోర్టుతో పర్యాటక వీసాపై రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో స్పష్టం చేసింది. రెండో పేజీలో తండ్రి పేరు లేదా ఇంటిపేరు ఉంటే అనుమతిస్తామని తర్వాత సడలించింది. వీసాకు డబ్బు కట్టేముందే ఈ పేజీ చూసుకోండి. గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి.

‘ఈసీఆర్’ ముద్ర ఉంటే?

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుపై సాధారణంగా ఈ ముద్ర ఉంటుంది. యూఏఈ సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లేటప్పుడు వీరు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. చూసి రావడానికి ఆ అనుమతి అక్కర్లేదు. అయితే తిరుగు టికెట్, బస వివరాలు చేతిలో ఉండాలి.

వీసా ఎలా?

యూఏఈ 30, 60 రోజుల పర్యాటక వీసాలు ఇస్తోంది. విమానయాన సంస్థ, ట్రావెల్ ఏజెన్సీ ద్వారా తీసుకోవచ్చు. అక్కడ నివాస వీసా ఉన్న దగ్గరి బంధువులు షరతులకు లోబడి దరఖాస్తు చేయొచ్చు. గడువు దాటితే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా పడుతుంది. ఈ వీసాపై పని చేయడం నేరం. ‘ఖల్లివెల్లి’ అయినవారి కష్టాలు చాలావరకు ఇలా మొదలైనవే. జీతం గొడవ వస్తే ఒప్పంద పత్రం ఉండదు, బయటకు వచ్చి ఫిర్యాదు చేయాలంటే భయం.

పని కోసమే అయితే దారి వేరు. కేంద్రం ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూడొచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ‘టామ్‌కామ్’ విదేశీ ఉద్యోగాలకు నియామకాలు చేస్తుంది.

బ్యాగులో ఏం పెట్టొద్దు?

గసగసాలు పెట్టొద్దు. మన వంటింట్లో మామూలు దినుసే అయినా, యూఏఈలో అది నిషిద్ధం. మసాలా పొడుల్లోనూ లేకుండా చూసుకోండి. ట్రమడాల్, కొడీన్ ఉన్న నొప్పి మాత్రలపై ఆంక్షలున్నాయి. వాటిని తప్పనిసరిగా వాడేవారు ముందుగా యూఏఈ ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. మిగతా మందులకూ డాక్టర్ చీటీ వెంట ఉంచుకోండి. ఎవరో ఇచ్చిన పొట్లం విప్పి చూడకుండా తీసుకెళ్లొద్దు.

అక్కడ తిరగడం ఎలా?

బాసర నుంచి సికింద్రాబాద్‌కు రైలుంది. అక్కడి నుంచి శంషాబాద్‌కు ఆర్టీసీ పుష్పక్ బస్సులు నడుస్తాయి. విమానం టైముకు మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి.

దుబాయ్ విమానాశ్రయం 1, 3 టెర్మినళ్ల నుంచి మెట్రో రెడ్ లైన్ ఎక్కొచ్చు. దీనికి ‘నోల్’ కార్డు కావాలి. సిల్వర్ కార్డు 25 దిర్హమ్‌లు, అందులో 19 ప్రయాణానికి వాడుకోవచ్చు. ఇదే కార్డు బస్సులోనూ చెల్లుతుంది. మెట్రోలో మహిళలు, పిల్లల పెట్టె వేరు. పొరపాటున మగవాళ్లు ఎక్కినా, రైల్లో తిన్నా 100 దిర్హమ్‌ల జరిమానా. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాకు మెట్రోలోనే వెళ్లొచ్చు. పాత దుబాయ్‌లో క్రీక్ దాటడానికి ‘అబ్రా’ పడవ ఎక్కితే ఒక్క దిర్హమే. ఎండలు తగ్గే నవంబరు నుంచి మార్చి దాకా తిరగడానికి అనుకూలం.

ఇబ్బంది వస్తే?

పాస్‌పోర్టు పోయినా, ఎవరైనా లాక్కున్నా భారత కాన్సులేట్‌ను సంప్రదించాలి. యూఏఈలో 800 46342 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. పాస్‌పోర్టు, వీసా, తిరుగు టికెట్ ఫొటోలు ఇంట్లో ఒకరి ఫోన్‌లోనూ ఉంచి వెళ్లండి. అక్కడ మీకు ఏదైనా అయితే, ఇక్కడి నుంచి అధికారులను ఆశ్రయించడానికి మీవాళ్లకు మొదట అవసరమయ్యేవి అవే.