మన కొండలు దిగి వెళ్లిన ఎర్రమట్టి



విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పక్కన ఉన్న ఎర్రమట్టి దిబ్బలను మీలో చాలామంది చూసే ఉంటారు, కనీసం సినిమా పాటల్లోనైనా. ఈమధ్య సెలవుల్లో మన ఊళ్ల పిల్లలు పదిమందిని వెంటబెట్టుకొని వెళ్లాను. తెల్లవారుజామున ఘాటీ దిగి, రెండు బస్సులు మారి చేరాం. అందరూ ఫొటోల్లో మునిగిపోయారు. ఒక తమ్ముడు మాత్రం గుప్పెడు మట్టి తీసి, "అన్నా, ఇది మన పోడు మట్టిలాగే ఉంది" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. కానీ అతను చెప్పింది నిజం.

ఆ ఎరుపు ఇనుముది. ఇసుక రేణువుల చుట్టూ ఇనుము తుప్పు పూతలా పట్టింది. ఆ ఇనుము, ఆ ఇసుక చాలావరకు తూర్పు కనుమల రాయి నుంచే వచ్చాయి. ఆ రాయిని ఖోండలైట్ అంటారు. పేరు మళ్లీ చదవండి. 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని కలహండి కొండల్లో పనిచేస్తూ, అక్కడ నివసించే ఖోండుల పేరే ఆ రాయికి పెట్టాడు. అంటే మన కోదుల పేరు. ప్రపంచంలో ఏ దేశపు భూగర్భ శాస్త్రం పుస్తకం తెరిచినా ఆ మాట కనిపిస్తుంది. మన బడి పుస్తకాల్లో మాత్రం నాకెప్పుడూ కనిపించలేదు.

దిబ్బల ఇసుకంతా అరకు నుంచే వచ్చిందని నేననడం లేదు. సింహాచలం కొండా, కైలాసగిరీ అదే రాయి. కానీ అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల గుండా పారి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అలాంటి నదులూ గెడ్డలూ వేల ఏళ్లు మోసిన ఇసుక తీరానికి చేరింది. సుమారు 20 వేల ఏళ్ల కిందట, లోకమంతా చలిగా ఉన్న కాలంలో, సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగిపోయింది. తీరం ఎక్కడో దూరంగా జరిగింది. ఎండిన సముద్రపు అడుగు నుంచి గాలి ఇసుకను లేపి తెచ్చి ఇక్కడ పోసింది. గాలితో పాటు వాగులకూ, సముద్రానికీ ఇందులో పాలు ఉందని పరిశోధకులు చెబుతారు. తరువాత వానలు ఆ మట్టిని కోసి, మనిషి లోతు మునిగే సందులు చేశాయి. సందులో నిలబడి గోడ చూస్తే పైన లేత పసుపు, కింద ఇటుక ఎరుపు, ఇంకా కింద గట్టి గడ్డలతో ముదురు ఎరుపు, అడుగున మళ్లీ పసుపు.

1886లో విలియం కింగ్ అనే అధికారి ఈ దిబ్బల గురించి రాశాడు. ఆయనే కనుక్కున్నాడని అంటుంటారు. కానీ దిబ్బల్లో చిన్నచిన్న రాతి పనిముట్లు దొరికాయి. వాటిని చెక్కినవాళ్లు ఏమైనట్టు? బొర్రా గుహలదీ అదే కథ. 1807లో భూవిజ్ఞాన సర్వేకి చెందిన దొర కనుగొన్నాడని చాలాచోట్ల రాస్తారు. ఆ సర్వే పుట్టిందే 1851లో! ఇక మన పెద్దలు చెప్పే కథలో మేతకు వెళ్లిన ఆవు గుహ కప్పులోని కంతలోంచి పడింది, కాపరి వెతుక్కుంటూ దిగాడు. తేదీ లేని ఆ కథకే నేను ఎక్కువ విలువిస్తాను.

2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఈ దిబ్బలు ఎక్కాయి. సంతోషమే. అయినా చుట్టూ ప్లాట్లు వెలుస్తూనే ఉన్నాయి, మట్టి తవ్వారనే ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. పోయిన దిబ్బను మళ్లీ పోయడానికి ఆ గాలీ లేదు, ఆ సముద్రమూ లేదు. పైన మన దగ్గర సంగతి కూడా తెలిసిందే. జెర్రెల, గాలికొండ శిఖరాల మీది బాక్సైట్ అంటే వానకూ ఎండకూ నానిన ఖోండలైటే. 2015లో జీవో 97 వచ్చినప్పుడు ఏజెన్సీ అంతా ఎలా కదిలిందో మీ అమ్మానాన్నలనడగండి. రాయి ఒకటే. కింద అది ఇసుకై వారసత్వం అనిపించుకుంది, పైన ఖనిజం అనిపించుకుంది.

తిరిగి బయల్దేరేటప్పుడు ఆ తమ్ముడు మట్టిని జేబులో వేసుకోబోయి, నా మొహం చూసి, తీసినచోటే పోశాడు. బస్సులో అడిగాడు, "అన్నా, కువిలో దీన్నేమంటారు?" అని. నాకు తట్టలేదు. ఇంటికొచ్చి అవ్వనడిగాను. అప్పట్నుంచీ ఎర్రమట్టికీ, గెడ్డ కోసిన సందుకీ, ఇసుకకీ కువిలోనూ ఆదివాసీ ఒడియాలోనూ ఉన్న మాటలు రాసుకుంటున్నాను. నోట్‌బుక్‌లో ఇప్పటికి ఒక పేజీ కూడా నిండలేదు. మీ ఇళ్లలో పెద్దవాళ్లనడిగి పంపండి, ఊరి పేరుతో సహా.